ఊతకర్రలు పెట్టిన చీనీ చెట్టు

ప్రొద్దుటూరులో ముప్పై ఆరేళ్లు ఫొటోలు తీశాను. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫొటోలు ఇక్కడ లెక్కలోకి తీసుకోను. అవి ఇల్లు గడవడానికి చేసిన పని. నేను రాయదలచింది చెట్టు, చేను, ఏరు, కొండ ఫొటోల గురించి. ఈ మధ్య మెడలో కెమెరా వేసుకుని గండికోట లోయ అంచున తిరిగే పిల్లలు నన్ను ఒకటే మాట అడుగుతున్నారు. "సార్, మీ కాలంలో ఎడిటింగ్ లేదు కదా, ఉన్నది ఉన్నట్టే తీసేవాళ్లు కదా?" అని.

లేదు. మా కాలంలోనూ లేనిది చూపించాం. చేత్తో చెయ్యవలసి వచ్చేది కాబట్టి ఆలస్యమయ్యేది, అంతే తేడా.

మాది జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె. మా కుటుంబం ఎట్లా బతికిందో, ఎట్లా పోగొట్టుకుందో అక్కడివాళ్లకు తెలుసు. తెలియనివాళ్లకు చెప్పబోవడం లేదు. ఒక్క సంగతి ఈ పనికి సంబంధించింది కాబట్టి రాస్తున్నాను. మా ఇంటి హాలులో మూడు గోడల మీద ఒక తోట ఉండేది. మా జేజినాయన, అంటే మా నాన్న తండ్రి కాలంలో ఎవరో చిత్రకారుడు ఒక ఎండాకాలమంతా మా ఇంట్లో ఉండి వేశాడట. కాయలు వేలాడే మామిళ్లు, జామలు, కొమ్మకొక చిలుక, కింద తామరలున్న కాలువ. కిటికీ తీస్తే నాపరాళ్ల గట్టు, జొన్నచేను. కిటికీ మూస్తే మామిడితోట. ఇల్లు కొన్నవాళ్లు వచ్చిన వారంలోనే ఆ గోడలకు సున్నం కొట్టించారు. అది వాళ్ల ఇష్టం.

తోలుబొమ్మలాటలో చెట్టు కూడా ఇట్లాగే ఉండేది. ఏ జాతి చెట్టో చెప్పలేం. ప్రతి కొమ్మకూ కాయ, ప్రతి కాయకూ ఒక పిట్ట, మానుకు చుట్టుకున్న పాము. చినుకు కోసం ఆకాశం వైపు చూసే జనం ముందు వెలుగుతున్న తెర మీద ఆ చెట్టు నిలబడేది. దాన్ని ఎవరూ అబద్ధం అనలేదు. బొమ్మలో చెట్టు అట్లాగే ఉంటుందని అందరికీ తెలుసు. ఫొటో వచ్చాక ఆ తెలివిడి పోయింది. ఈ సంగతి నాకు నా వృత్తి నేర్పలేదు. ఒక రైతు నేర్పాడు. ఆ కథే ఇది.

మస్తాన్ సాబ్ స్టూడియో

నేను పనికి కుదిరింది మస్తాన్ సాబ్ దగ్గర. మా నాన్న పోయిన ఏడాది అది. సాబ్ స్టూడియోలో రెండు తెరలుండేవి. ఒకదాని మీద జలపాతం, ఇంకొకదాని మీద మంచుకొండలు, పడవ. రెండూ ఆయన చేత్తో వేసినవే. ఆయన జలపాతం చూసింది లేదు. పెన్నలో నీళ్లు చూసిందే తక్కువ. కొత్త దంపతులు, గల్ఫ్‌కు పోయిన మొగుళ్లకు ఫొటో పంపే ఆడవాళ్లు, అందరూ జలపాతమే కోరేవాళ్లు. మన కొండలు, మన బండలు వేసి ఒక తెర చేద్దామని నేనొకసారి అన్నాను.

"అది చూడనీకి నా కాడికి ఎందుకొస్తారు రెడ్డీ? అంగడి బయటికి పోతే ఊరికే కనపడుతాది గదా" అన్నాడు సాబ్.

నలుపు తెలుపు ఫొటోలకు రంగులు వేయడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. దూదికి నీలం అద్ది ఆకాశం మీద గుండ్రంగా రుద్దాలి. గట్టిగా రుద్దితే కాగితం చెడుతుంది. పొలం ఫొటో వస్తే ఆకాశానికి నన్ను రంగు వెయ్యనిచ్చేవాడు. చెట్ల దగ్గరికి వచ్చేసరికి ఫొటో నా చేతిలోనుంచి తీసుకునేవాడు.

"ఆకాశం ఎవరి పేరు మీదా పట్టా లేదు. ఏ రంగన్నా ఏస్కో. చెట్టుకు మనిషుంటాడు. ఆయప్పను అడక్కుండా దాని జోలికి పోవాకు" అనేవాడు.

ముసలాయన చాదస్తం అనుకున్నాను. ఆయన కంటే నాకు బాగా చదువొచ్చు. పొలాల గురించి నాకు ఒకరు చెప్పవలసిన పని లేదు.

చీనీ తోటలో ఒక పూట

కలర్ ఫిల్ము వచ్చాక పులివెందుల వైపు చీనీ తోటలు, బయటివాళ్లు బత్తాయి అంటారు, పెరిగాయి. అంటు మొక్కలు అమ్మే ఒక నర్సరీ ఆయన క్యాలెండరు వేయించాలని స్టూడియోకు వచ్చాడు. సాబ్‌కు బస్సు ప్రయాణం పడదు. నేను పోయాను.

తోట మామూలుగా ఉంది. మంచి చెట్టుకు కూడా కాయలు ఆకుల చాటున అక్కడక్కడా కనపడతాయి. కంటికి సరిపోతుంది, కెమెరాకు చాలదు. నర్సరీ ఆయనకు ఈ విషయం ముందే తెలుసు. నాలుగు చెట్ల కాయలు కోయించి, ఆకుపచ్చ దారంతో ఒకే చెట్టుకు కట్టించాడు. కూలీలు ఒక్కొక్క కాయను కొబ్బరినూనె గుడ్డతో తుడిచారు. మందు కొట్టే పంపుతో నీళ్లు చల్లారు. నేను ఆ పని చూస్తూ నిలబడ్డాను. తప్పనిపించలేదు. పెళ్లికూతురికి పౌడరు వేసినట్టే కదా అనుకున్నాను.

కెమెరాలో చూస్తే ఏదో తక్కువైంది. కాయలున్నాయి కానీ చెట్టుకు బరువు తెలియడం లేదు. అప్పుడు నాకు తోచింది. గట్టు మీద పడివున్న వెదురు కర్రలు తెప్పించి, నాలుగు కొమ్మల కింద ఊతంగా పెట్టించాను. అంతే, చెట్టు మారిపోయింది. కాయల భారానికి కొమ్మలు విరిగిపోతాయేమో అన్నట్టుగా ఉంది. నర్సరీ ఆయన నా భుజం తట్టబోయి ఆగాడు. నేను భుజం తట్టించుకునే మనిషిని కాదని ఆయనకు అర్థమై ఉంటుంది.

క్యాలెండరు మీద ఫొటో తీసినవాడి పేరు వెయ్యడం అప్పట్లో ఆనవాయితీ కాదు. నేను పట్టుబట్టాను. ఇంటి పేరుతో సహా అడుగున చిన్న అక్షరాల్లో వేశారు.

ఓబులేసు అడిగిన మాట

ఆ ఎండాకాలం చివర ఒక మనిషి క్యాలెండరు చుట్టి చంకలో పెట్టుకుని స్టూడియోకు వచ్చాడు. పేరు ఓబులేసు. చక్రాయపేట దగ్గర పల్లె. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. క్యాలెండరు బల్ల మీద పరిచాడు.

"ఈ ఫొటో తీసింది నువ్వేనా రెడ్డీ?"

"నేనే."

"ఈ చెట్టు యాడుండాది?"

"పులివెందుల పక్కన. నర్సరీ వాళ్ల తోటలోనే."

"నాకు మూడెకరాలుండాది. ఇంతకాలం బుడ్డశెనక్కాయే ఏస్తాండా. మొన్న బోరు ఏయించినా, నీళ్లు పడినాయి. మూడెకరాలూ చీనీ పెడదామని. మా ఆడమనిషి వద్దంటాది. క్యాలెండర్ల కాయలు చూసి ఎవరన్నా చేను మారుస్తారా అంటాది. నేను కాయలు చూసి నమ్మలేదప్పా. ఇదిగో, ఈటిని చూసినా."

ఆయన వేలు ఊతకర్రల మీద ఉంది.

"కాయలు ఎన్నన్నా చూపించొచ్చు. ఊతం పెట్టినారంటే బరువు ఉన్నట్టే గదా. పని లేక ఎవరూ కర్రలు పెట్టరు."

ఆయన ఇంకో మాట అన్నాడు.

"మా నాయన పుట్టింది మీ వైపే. మీ జేజినాయన ఇత్తనాలకు మాటిచ్చినాడంటే గింజ తగ్గదనేవాడు. కింద మీ ఇంటి పేరు కనపడింది. అందుకే ఇంత దూరం వచ్చినా. నువ్వు నిజమంటే పెడతా. కాదంటే లేదు."

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు ఈ ఘట్టాన్ని జాగ్రత్తగా చదవాలి. నిజం చెప్పడానికి నాకు అడ్డం ఏమీ లేదు. నర్సరీ ఆయనకు నేను భయపడను. ఓబులేసు మా జేజినాయన పేరెత్తకుండా ఉంటే చెప్పి ఉండేవాణ్ణేమో. ఆ పేరు విన్నాక, దారంతో కాయలు కట్టాం అనే మాట నా నోటికి రాలేదు.

"చెట్టుండాది. నా కండ్లతో చూసి తీసినా" అన్నాను.

అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. ఓబులేసు క్యాలెండరు చుట్టుకుని దండం పెట్టి పోయాడు.

డార్క్‌రూమ్ తెర తొలగించుకుని సాబ్ బయటికి వచ్చాడు. చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

"చెట్టుండాదా రెడ్డీ?"

"ఉండాది సాబ్."

"ఆ కర్రలు తీసేస్తే కొమ్మ ఇరుగుతాదా?"

నేను ఫిల్ము డబ్బాలు వరసగా పేర్చసాగాను.

"ఫొటో అయితే నా అంగడిది. తప్పుంటే నేను చూసుకుందును. ఆయప్ప అడిగింది నీ మాట. దాన్ని నేను సర్దలేను" అని లోపలికి పోయాడు.

చక్రాయపేటకు

వెంటనే పోయానని రాస్తే బాగుంటుంది. తొమ్మిది రోజులు పోలేదు. రైతు అన్నాక విచారించుకోడా, నర్సరీకి పోయి చూసుకోడా అని నాకు నేనే చెప్పుకున్నాను. పదో రోజు సన్నగా వాన పడింది. వాన పడితే అంట్లు నాటతారు. అది గుర్తుకొచ్చి ఎర్రగుంట్ల, వేంపల్లె మీదుగా బస్సు ఎక్కాను.

చేను కనుక్కోవడం కష్టం కాలేదు. మూడెకరాలూ వరసగా గుంతలు తవ్వివున్నాయి. ఓబులేసు భార్య సుబ్బమ్మ గంపతో పశువుల ఎరువు తెచ్చి గుంతల్లో పోస్తోంది. అంట్లు ఎల్లుండి వస్తాయన్నారు. నేను గట్టు మీద నిలబడి, కాయలు కట్టిన సంగతి, నూనె తుడిచిన సంగతి, ఊతకర్రల సంగతి ఆగకుండా చెప్పాను. క్షమించమని అడగలేదు. అడగడం నాకు చేతకాదు.

ముందు సుబ్బమ్మ గంప కింద పడేసింది.

"నేను చెప్పలేదా? పెండ్లిచూపులకు పక్కింటి నగలు ఏసి కూర్చోబెట్టినట్టు చెట్టుకు గూడా ముస్తాబు చేసినారు మహానుభావులు!" మొగుడి వైపు తిరిగింది. "కర్రలు చూసినా, కర్రలు చూసినా అని ఊరంతా చెప్పుకుంటివి గదా. పో, ఇప్పుడు గూడా పోయి చెప్పుకో!"

ఓబులేసు గట్టు మీద కూర్చున్నాడు. అక్కడినుంచే అడిగాడు.

"కాయలు కట్టమన్నది ఎవరు?"

"నర్సరీ ఆయన."

"ఊతకర్రలు?"

"నేను."

"అదే అనుకుంటి. అంగడోనికి తోచేది కాదు అది. సేద్యం చేసిన ఇంట్లో పుట్టినోనికే తోచాల."

నన్ను ఈ జన్మలో చాలామంది చాలా మాటలన్నారు. వాటిలో ఈ ఒక్కటే నాకు తగిలింది. మా ఇంటినుంచి నాకు మిగిలింది భూమి కాదు, బంగారం కాదు, సేద్యం ఎరిగిన కన్ను. దాన్ని వాడింది రైతును మోసం చెయ్యడానికి.

ఓబులేసు లేచి గుంతల వరసలు చూసుకుంటూ చివరి దాకా పోయి వచ్చాడు.

"ఒక ఎకరా పెడతా. బోరు పెట్టుకుని ఊరికే ఉండలేను. రెండెకరాల గుంతలు పూడ్చి బుడ్డలే ఏస్తా. నువ్వు మాత్రం ఏటా రావల్ల. నా చెట్లు ఎట్లుంటే అట్ల తీసి, మీ అంగడి అద్దాల్లో తగిలించల్ల. నా మాదిరి ఇంకొకడు చంకలో క్యాలెండరు పెట్టుకుని వస్తే, వానికి అవి చూపీ."

"మంచిది" అన్నాను.

"భోజనం మాత్రం మీరే తెచ్చుకోండి" అంది సుబ్బమ్మ.

తిరిగి వచ్చేటప్పుడు పులివెందులలో దిగి, నర్సరీ ఆయనకు ఇకమీదట ఆయన పని చెయ్యనని చెప్పాను. ఆయన కోప్పడలేదు. "క్యాలెండరు అంటే క్యాలెండరే గదా సామీ. నిజం చూడాలనుకునేటోళ్లు తోటకే వస్తారు. రానోళ్లకు క్యాలెండరు" అన్నాడు. మరుసటి ఏడు ఇంకో ఫొటోగ్రాఫరును పెట్టుకున్నాడు. ఆయన్ని తప్పుపట్టను. ఆయన అంట్లు అమ్ముకునే మనిషి. చూపించే పని నాది.

ఏటా ఒకటి

పదకొండేళ్లు పోయాను. గట్టు మూలన ఒక బండ ఉంది. దాని మీదే కెమెరా స్టాండు. అదే లెన్సు, అదే నెల, మిట్టమధ్యాహ్నం. పొద్దున వెలుగులో ఏ చెట్టయినా అందంగా ఉంటుంది, అందుకని మధ్యాహ్నం. మొదటి మూడేళ్ల ఫొటోల్లో ఏమీ లేదు. పుల్లలు, వాటి చుట్టూ పాదులు, వెనక చక్రాయపేట గుట్టలు. అంగడి అద్దాల్లో పెళ్లికూతుళ్ల పక్కన వాటిని తగిలిస్తే ఎదురు స్టూడియో ఆయన వచ్చి నవ్వాడు. "ఏందప్పా, పుల్లలకు గూడా సంబంధాలు చూస్తాండావా?"

ఆరో ఏడు కాపు బాగా వచ్చింది. సుబ్బమ్మ బండ దగ్గరికి వచ్చి గొడవ పెట్టుకుంది.

"ఆడినుంచి తీస్తే కాయలు కనపడవు. ముందుకు రా."

"రాను. ఏటా ఇక్కడినుంచే."

"పక్కోళ్ల తుమ్మచెట్టు గూడా పడుతుంది గదా!"

"పడనీ."

"కాయలు లేనప్పుడు తీస్తివి, ఉన్నప్పుడు తీయవు. ఏం మనిషివి నాయనా నువ్వు!"

ఓబులేసు నవ్వుతూ నిలబడ్డాడు. నేను కదలలేదు.

అప్పటికి సాబ్‌కు చూపు తగ్గి, స్టూడియో నా చేతికి వచ్చింది. ఎనిమిదో ఏడు డిజిటల్ కెమెరా కొన్నాను. ఆ ఫొటో ఓబులేసుకు ఇస్తే వెలుతురులో పట్టుకుని చూశాడు.

"ఈ యేడు ఆకు ఇంత పచ్చగా ఉండాదేంది? నా చెట్టు అట్ల లేదే. తలలు పసుపు తిరిగినాయి."

కెమెరా దానంతట అదే ఆకుపచ్చను పెంచుతుందని నాకు అప్పుడు తెలిసింది. ఆ అమరిక తీసేసి మళ్లీ పోయి తీశాను. నా పనిని అంత నిశితంగా చూసిన మనిషి ఇంకొకరు లేరు.

ఇప్పటి పిల్లలకు చెప్పవలసింది ఈ చోటనే చెబుతాను. ఫోన్‌లో ఒక్క వేలితో మబ్బులు మారుస్తున్నారు. డ్రోన్ పైకి లేపి, ఎండిన ఏటి పక్కన ప్లాట్లు అమ్మేవాళ్ల కోసం ఏరు నిండుగా ఉన్నట్టు చేసి ఇస్తున్నారు. మబ్బుల సంగతి నాకు పట్టదు. మా గోడల మీద తోట వేసినవాణ్ణి నేను తప్పుపట్టనప్పుడు మిమ్మల్నీ తప్పుపట్టను. కానీ మీ ఫొటో చూసి ఎవడు ఏ చేను మారుస్తాడో, ఏ స్థలం కొంటాడో ఒక్కసారి ఆలోచించండి. నిజంగా మోసం చేసేది కాయలు కాదు. తెలిసినవాడు వెతికే చిన్న గుర్తు ఒకటి ఉంటుంది. దాన్ని పుట్టించగల తెలివి మీకుంటే, ముందు ఆ తెలివికి భయపడండి. నా ఫొటోల్లో అందమైనవి చాలా ఉన్నాయి. ఆ పదకొండింటిలో ఒక్కటీ అందమైనది కాదు. నా పని ఏది అని ఎవరైనా అడిగితే వాటినే చూపిస్తాను.

పదకొండో ఏడు పోయేసరికి తోట ఎండిపోయి ఉంది. అంతకుముందే రెండేళ్లు వానలు లేవు. బోరులో నీళ్లు దిగిపోయాయి. ఆకు లేని కొమ్మలు, మొదళ్ల దగ్గర పగుళ్లు. పక్క రెండెకరాల్లో బుడ్డలు సన్నగా ఉన్నా బతికి ఉన్నాయి. ఓబులేసు గొడ్డలి గట్టు మీద పెట్టి వచ్చాడు. నేను సంచి తెరవలేదు.

"ఈ యేడు వద్దులే ఓబులేసూ" అన్నాను.

"ఎందుకొద్దు? పచ్చగా ఉన్నెవి పదీ తగిలించి ఎండింది దాచిపెడితే, అదీ మోసమే గదా. ఉండు."

ఇంటికి పోయి ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఎప్పుడూ ఫొటోలో నిలబడనివాడు ఆరోజు మొదటి చెట్టు పక్కన నిలబడ్డాడు.

"పెండ్లికొడుకు మాదిరి బిగుసుకుపోయినాడు చూడు" అంది సుబ్బమ్మ. తర్వాత నా వైపు చూడకుండా అంది. "మూడెకరాలూ పెట్టింటే ఈ పొద్దు ఈ చొక్కా యాడుండు, ఈ మనిషి యాడుండు. కువైట్‌లో ఎవని ఇంట్లోనో తోట పనికి ఉండేవాడు."

ఫొటో తీశాను. ఎండలో ఓబులేసు కళ్లు చికిలించాడు. మళ్లీ తియ్యలేదు.

పదకొండూ వరసగా అద్దాల్లో తగిలించాను. ఆ వారంలోనే పెండ్లిమర్రి నుంచి ఒక రైతు వచ్చాడు. బోరు వేయించాడట, చీనీ పెట్టాలనుకుంటున్నాడట. ఎవరో నా అంగడి చూసి రమ్మన్నారట. లోపలికి రాలేదు. బయట ఎండలో నిలబడి ఒక్కొక్క ఫొటో ముందు ఆగుతూ చివరి దాకా పోయాడు. మళ్లీ మొదటికి వచ్చాడు. నేను తలుపు దగ్గరికి పోయాను. బోరు లోతు అడుగుతాడనుకున్నాను, కాపు అడుగుతాడనుకున్నాను.

"ఈ చివరి దాంట్లో నిలబడినాయన బాగుండాడా?" అన్నాడు.

"బాగుండాడు. పక్కన రెండెకరాలు బుడ్డలు ఏసుకున్నాడు."

"అయితే సరే" అని తలగుడ్డ సర్దుకుని బస్టాండు వైపు నడిచాడు.